కాగులో దోమ
సీమ జ్వరాల చరిత్ర: ఆరో భాగం

గత సంచికలో ధాత కరువు చావుల దగ్గర ఆగాం. ఆ లెక్కలో ఒక ముక్క మిగిలిపోయింది. 1876లో వానలు ఎగ్గొట్టాయి. 1877లో నైరుతి కూడా మొండికేసి, సెప్టెంబరు, అక్టోబరు నెలల దాకా వాన పట్టలేదు. ఆ వానకు కుంటల్లో నీళ్లు చేరాయి, పచ్చిక మొలిచింది, జనం విత్తనాలు వెతుక్కున్నారు. చావులు మాత్రం ఆగలేదు. వంకల్లోనూ పెన్న ఇసుకలోనూ మడుగులు నిలిచాయి. ఏడాదిగా కడుపు నిండని మనుషులను చలిజ్వరం, అంటే మలేరియా, మంచాన పడేసింది. ఆకలి వదిలిపెట్టినవాళ్లను జ్వరం తీసుకుపోయింది.

అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడదీసేదాకా కంబదూరు, కళ్యాణదుర్గం వైపు పల్లెలన్నీ బళ్ళారి జిల్లా లెక్కలోనే ఉండేవి. మద్రాసు రాజధాని మొత్తానికి శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్, కరువు పనిలో ఉన్న కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, కాస్త చిల్లర చాలన్న భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్‌ను కాగితం మీదే ఎదిరించాడు. ఆ తిండితో రాళ్లు కొట్టే మనిషి నిలబడడని లెక్కలు వేసి చూపాడు. చివరికి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. దోమ సంగతి కార్నిష్‌కు తెలీదు. అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు. తిండి లేని ఒంట్లో జ్వరం పాతుకుపోతుందన్నది మాత్రం ఆయన చూశాడు. సీమ ప్రజారోగ్యానికి మొదటి పేజీ అదేనని నేను నమ్ముతాను. తర్వాత వచ్చిన మందులు, పిచికారీలు, పథకాలు ఎన్నో ఆ పేజీని మరిచిపోయాయి.

మరో 20 ఏళ్లకు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. దోమకొక అణా తీసుకుని తన ఒంటిని దోమలకు అప్పగించిన హుసేన్ ఖాన్ కథ తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి ముందుకు పోదాం. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే సీమ వైపు మరో రోగం నడిచి వస్తోంది. దానికి నీళ్లతో పని లేదు. అది గింజల వెంట వచ్చింది.

ప్లేగు 1896లో బొంబాయిలో దిగింది. 1898 ఆగస్టుకు బెంగళూరు చేరింది. మద్రాసు రాజధానిలో దాని దెబ్బ గట్టిగా తిన్న జిల్లాల్లో బళ్ళారి, అనంతపురం ముందుంటాయి. కంబదూరు ఉన్న చోటు చూడండి. ఉత్తరాన బళ్ళారి, దక్షిణాన బెంగళూరు, దగ్గర్లోనే పావగడ, అంటే అప్పటి మైసూరు రాజ్యం. ఒక ఇంట్లో ఆడబిడ్డను ఇచ్చింది ఈ రాజ్యంలో, కోడలిని తెచ్చుకుంది ఆ రాజ్యంలో. సంతలు, బంధుత్వాలు, ఎద్దుల బేరాలు సరిహద్దును ఎన్నడూ లెక్కపెట్టలేదు. 1897లో వచ్చిన అంటురోగాల చట్టం మాత్రం ఆ గీతను గట్టిగా గీసింది. రోగం ఉన్న చోటి నుంచి వచ్చిన మనిషికి ప్లేగు పాస్‌పోర్టు రాసిచ్చేవారు. అతను చేరిన ఊళ్లో పది రోజులు అధికారికి కనిపిస్తూ ఉండాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు మన జిల్లాల్లో దుమ్ము దులిపి వాడింది ఆ పాత చట్టాన్నే.

మొదటి ఏళ్ల ప్రయత్నమంతా మనుషుల మీదే సాగింది. రైల్వే స్టేషన్లలో చంకలు, గజ్జలు తడిమి గడ్డలు ఉన్నాయేమో చూసేవారు. ఇళ్లలో మందునీళ్లు చల్లేవారు. ఎండ తగలాలని ఇంటి కప్పులు విప్పించేవారు. ఇవన్నీ చేసినా రోగం ఆగలేదు, ఎందుకంటే అది నడిచే దారి వేరు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఆ దారిని కనిపెట్టాడు. ప్లేగుతో ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే, దాని మీద బతికే మిన్నల్లి, అంటే రక్తం తాగే రెక్కల్లేని దూకుడు పురుగు, వేరే ఒంటి కోసం వెతుక్కుంటుంది. ఎలుకలు అయిపోతే మనిషి దొరుకుతాడు. తోటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి సిమోన్ మాట పట్టించుకోలేదు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు కమిషన్ చేసిన ప్రయోగాలతో అది నిజమని తేలింది.

ఇది తెలిశాక సీమ ఇళ్లను చూస్తే వణుకు పుడుతుంది. రాయి, మట్టి పేర్చిన గోడలు, వాటి సందుల్లో ఎలుకల కాపురం. పైన కట్టెలు పరిచి చౌడుమన్ను పోసిన మిద్దె. ఆ మట్టి కింద మళ్లీ ఎలుకలే. కరువుకు భయపడే రైతు మంచి ఏడు పండిన జొన్నలను నేలలో పాతర వేసి దాచుకునేవాడు. ఆ పాతరే ధాత కరువు లాంటి రోజుల్లో ప్రాణం నిలబెట్టింది. ఆ పాతరే ఎలుకను ఇంటి మనిషికి అతి దగ్గర చుట్టాన్ని చేసింది. ఆకలి నుంచి కాపాడిన ఏర్పాటే రోగానికి ఇల్లయ్యింది. ఇందులో రైతు తప్పేమీ లేదు. అయినా ఆ రోజుల రాతల్లో చాలా చోట్ల పల్లె మనిషి మురికి మీదే నింద పడింది.

పల్లెవాళ్లు మాత్రం శాస్త్రం తేల్చేలోపే ఒక సంగతి పట్టుకున్నారు. మిద్దెలోంచి ఎలుకలు రాలి పడ్డాయంటే ఊరు విడవాలి. పిల్లాజెల్లా, గొడ్డూగోదా సర్దుకుని పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. ఎలుకల చావు ఆగి కొన్నాళ్లు గడిచాకే ఇంటి గడప తొక్కేవారు. మారెమ్మకు మొక్కుకునేవారు, పొలిమేర కట్టుకునేవారు, దాంతోపాటు ఊరూ వదిలేవారు. సర్కారు కూడా చివరికి ఈ దారికే వచ్చింది. పల్లె ఖాళీ చేయించడం, హాఫ్‌కిన్ ప్లేగు టీకా వేయడం, ఎలుకలను చంపడం అనే మూడింటిలో మొదటిది జనం సొంతం. అందుకే దాన్ని పెద్దగా బతిమాలకుండానే పాటించారు. టీకా సంగతి వేరు. 1897లో బొంబాయిలో తయారైన ఆ మందు పనిచేసేదే. కానీ 1902లో పంజాబులోని మల్కోవాల్‌లో ఒక సీసా కలుషితమై 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ వార్తతో జనంలో సూది మీద భయం పాతుకుపోయింది. ప్లేగు దేశంలో 1 కోటికి పైగా ప్రాణాలు తీసింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ పొడి, ఎలుక కలుగుల్లోకి కొట్టే సైనోగ్యాస్ వచ్చాక ఆ రోగం తగ్గుముఖం పట్టింది. దక్షిణాన మనుషుల్లో చివరి కేసు 1966లో కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర బయటపడింది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే ఆ మూల బీళ్లలో బొరియల ఎలుకలను పట్టి, వాటి రక్తం, ఒంటి పురుగులు పరీక్షించే పనిని బెంగళూరులోని కేంద్ర ప్లేగు నిఘా విభాగం ఆ తర్వాత కూడా చేస్తూ వచ్చింది. మనుషుల్లో కేసులు లేని ఏళ్లలో ఎలుకల వెంట తిరిగే ఉద్యోగుల గురించి పత్రికల్లో రాసేవాళ్లుండరు. 1994లో ప్లేగు భయంతో సూరత్ ఖాళీ అయినప్పుడు దేశానికి వాళ్ల విలువ ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఇక మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం.

అనంతపురం జిల్లాలో సాలు వాన 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. ఇలాంటి చోట మలేరియా మన్యంలోలా ఏడాది పొడుగునా కాపురం ఉండదు. నాలుగేళ్లు కనిపించదు. అయిదో ఏడు వాన దంచితే ఊరంతా దుప్పట్లు కప్పుకుని వణుకుతుంది. రోజూ జ్వరం చూసే మన్యం మనిషి ఒంట్లో కొంత తట్టుకునే శక్తి పుడుతుంది, మెట్ట మనిషికి అదీ ఉండదు. అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అనే దోమ ఎండ పడే తేట నీళ్లలో, అంటే పెన్న ఇసుక మడుగుల్లో, చెలమల్లో, కాలువ గట్ల కింద ఊటల్లో గుడ్లు పెడుతుంది. అనాఫిలిస్ స్టీఫెన్సీ బావుల్లో, తొట్లలో బతుకుతుంది. కరువు సీమలో నీళ్లున్న ఏ చోటునూ ఈ రెండూ వదిలిపెట్టలేదు.

ఈ మెట్ట నేల మలేరియా మీద మొదటి గట్టి పరిశోధన మనకు పక్క రాజ్యంలో జరిగింది. 1920ల చివర మైసూరు ప్రభుత్వం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌తో కలిసి మలేరియా కేంద్రాలు పెట్టింది. వాటిలో ఒకటి హిరియూరు. వాణీవిలాస సాగరం నీళ్లు పారే ఆ ఊరు కూడా మన మెట్ట లాంటి పొడి నేలే. డబ్ల్యూ.సి. స్వీట్, బి.ఎ. రావు అనే పరిశోధకులు అక్కడ దోమలను జాతులవారీగా లెక్కపెట్టారు. 1928లో ఇటలీ నుంచి గంబూషియా చేపను తెప్పించి మన నీళ్లలో వదిలినవాడు ఆ రావే. ఈరోజు వానాకాలం రాగానే మన పంచాయతీల్లో బావుల్లో, కుంటల్లో వదిలే చేప సంతతి అదే. మండ్య దగ్గర ఇర్విన్ కాలువ కింద కొత్తగా నీళ్లు పారించినప్పుడు మలేరియా విరుచుకుపడిన సంగతీ ఆ కేంద్రాలే రాసిపెట్టాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

1953 ఏప్రిల్‌లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అప్పటికి కంబదూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆరు నెలలు తిరక్కుండా కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1958లో ఆ కార్యక్రమానికి నిర్మూలన అనే పేరు పెట్టి దేశమంతా పరిచారు. భుజాన డీడీటీ పంపు మోసుకుని మలేరియా వర్కర్లు ఊరూరా దిగారు. గోడ చదరపు మీటరుకు ఒక గ్రాము చొప్పున ఏడాదికి రెండు విడతలు మందు కొట్టారు. పదిహేను రోజులకొకసారి గడప గడపకూ వచ్చి, జ్వరం ఉన్నవారి వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసి, క్లోరోక్విన్ మాత్ర మింగించి, గోడ మీద తేదీ రాసిపోయేవారు. పది వేల మందికి ఒక వర్కరు. కాలినడకన, లేదంటే సైకిలు మీద తిరిగేవారు. స్వతంత్ర భారతంలో పేదవాడి గుమ్మం ముందుకు క్రమం తప్పకుండా వచ్చిన మొదటి సర్కారు మనిషి మలేరియా వర్కరే అంటే అతిశయం కాదు.

ఫలితం కళ్ల ముందు కనిపించింది. 1947లో దేశంలో ఏడాదికి 7.5 కోట్ల కేసులు, 8 లక్షల చావులు ఉండేవి. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి, చావులు లేవు. ఆ పైన అంతా జారిపోయింది. క్యులిసిఫేసిస్ డీడీటీకి అలవాటు పడుతున్న సంగతి 1959లోనే బయటపడింది. మందు సరఫరా తగ్గింది, డబ్బు తగ్గింది, గెలిచామన్న ధీమా పెరిగింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఆ మరుసటి ఏడే నిర్మూలన మాట పక్కనపెట్టి సవరించిన పథకం తెచ్చారు.

పై కారణాలన్నీ దేశానికంతటికీ చెప్పేవి. మట్టి మిద్దెల సీమకు సొంతమైన కారణం ఒకటుంది. మట్టి గోడ డీడీటీని లోపలికి పీల్చుకుంటుంది, పైన వాలిన దోమకు తగిలేది కొంచెమే. ఆ కొంచెం కూడా పండగ రాగానే ఎర్రమన్నుతో, పేడతో అలికిన పూత కిందికి పోయేది. ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలనే ఇల్లాలి పట్టుదల, అధికారుల లెక్కలో సహాయ నిరాకరణ అయ్యింది. ఉగాదికి ముందు కొట్టిన మందు ఉగాదికి అలుకుడులో పోతుందని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఊరి ఆడవాళ్లను ఒక్క మాట అడిగితే చాలు. పిచికారీ రోజులను పండగల పంచాంగం చూసి పెట్టుకుని ఉంటే ఎంత మందు మిగిలేదో, ఎన్ని జ్వరాలు తప్పేవో.

ఇదే కాలంలో మరో మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది. మెట్లు దిగి కాళ్లు ముంచి నీళ్లు తోడుకునే దిగుడు బావులు మూతబడ్డాయి. వాటి నీళ్లలో కంటికి కనీకనిపించని చిన్న పురుగు వల్ల వచ్చే నారికురుపు సీమను ఏళ్లపాటు కుంటించింది. ఇది దోమ తెచ్చే రోగం కాదు. అయినా దాన్ని వదిలించిన తీరు ఈ కథకు కావాలి. 1980లలో మొదలైన కార్యక్రమంలో కార్యకర్తలు బావుల్లో టెమిఫాస్ మందు కలిపారు, నీళ్లు గుడ్డలో వడగట్టుకోవడం నేర్పారు, మెట్ల బావుల బదులు చేతి పంపులు పాతారు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో కనిపించింది. 2000 ఫిబ్రవరిలో భారతదేశం నారికురుపు నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా లేకుండా, రోగానికి మందు లేకుండా, నీళ్లు తెచ్చుకునే పద్ధతి మార్చి సాధించిన గెలుపు అది. నా మట్టుకు నాకు సీమ ఆరోగ్య చరిత్రలో ఇంతకన్నా గొప్ప అధ్యాయం కనిపించదు.

కానీ చేతి పంపు, ఆపైన బోరు, లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు తెచ్చాయి. తర్వాత పైపు నీళ్లు వచ్చాయి. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 731 ఊళ్లకు నీళ్లివ్వాలని తలపెట్టింది. మంచి నీళ్లు ఇంటి వీధికి వచ్చాయి, అదొక వరం. అయితే పైపులో నీళ్లు రోజంతా రావు. ఊరిని బట్టి, కరెంటును బట్టి, మోటారును బట్టి ఒక రోజు వస్తాయి, మళ్లీ ఎప్పుడో. అందుకని ప్రతి ఇంటి ముందూ ఒక సిమెంటు తొట్టి, దాని పక్కన డ్రమ్ములు, లోపల బిందెలు, కాగులు. కరువు ఎంత ముదిరితే నిలవ అంత పెరుగుతుంది.

ఏడిస్ ఈజిప్టై అనే చారల కాళ్ల దోమకు కావలసింది ఇదే. అది వంకల వైపు పోదు. కాగులో నీళ్ల గీతకు కాస్త పైన, లోపలి గోడకు గుడ్లు అంటిస్తుంది. కాగు ఎండినా గుడ్డు నెలల తరబడి చావదు. మళ్లీ నీళ్లు తగిలితే వారం పది రోజుల్లో దోమ లేస్తుంది. పగలే కుడుతుంది. పుట్టిన చోటు నుంచి రెండు మూడు వీధులు దాటి పోవడం అరుదు. వానలు లేని ఏడు కూడా అది బతికేది అందుకే. చలిజ్వరపు దోమకు వాన కావాలి, దీనికి నీటి కటకట చాలు.

2005 చివర్లో సీమ పల్లెల్లో కొత్త జ్వరం మొదలైంది. రెండు రోజుల జ్వరం, ఆపైన కీళ్లు పట్టేసేవి. మనిషి మంచం దిగలేడు, చెంబు పట్టుకోలేడు. జనం కీళ్ల జ్వరమన్నారు. చికున్‌గున్యా మన దేశానికి కొత్తది కాదు. 1963లో కలకత్తాలో, ఆ తర్వాత రెండేళ్లలో మద్రాసులో, మన విశాఖ, కాకినాడ, రాజమండ్రిలలో వచ్చి వెళ్లింది. 1973లో మహారాష్ట్రలోని బార్షీ తర్వాత 32 ఏళ్లు మాయమైంది. ఈసారి వచ్చిన వైరస్ ఆఫ్రికా వంశానిదని పుణే జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. డిసెంబరులో ముందుగా కేసులు ప్రకటించిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2006లో దేశం మొత్తం లెక్క 13.9 లక్షలు. అందులో సగానికి పైగా మన సరిహద్దు అవతలి కర్ణాటకలోనే.

ఈ జ్వరం చావుల లెక్కలో పెద్దగా కనిపించదు. అందుకే పైనున్నవాళ్లు తేలిగ్గా తీసుకున్నారు. వేరుశనగ పీకే కూలికి వేళ్లు ముడుచుకోకపోతే ఆ పూట కూలి లేదు. నెలల తరబడి వేళ్లు ముడుచుకోకపోతే అప్పు. వరుస కరువులు అప్పుడప్పుడే వదిలిన జిల్లాలో, ఇంటికి ఇద్దరు ముగ్గురు ఒకేసారి పడిపోయినప్పుడు జరిగిన నష్టాన్ని ఏ ఆసుపత్రి రిజిస్టరూ రాయలేదు. కార్నిష్ ఉండి ఉంటే రాసేవాడనుకుంటాను.

ఆ తర్వాత పల్లెకు ఆశా కార్యకర్త వచ్చింది. పంచాయతీలో పొగ మిషన్ వచ్చింది. శుక్రవారం డ్రై డే వచ్చింది. వారానికొక రోజు తొట్లు, కుండలు, రోళ్లు, కుడితి గోళేలు, పాత టైర్లు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టాలి. సూత్రం సరైనదే. దోమ గుడ్డు నుంచి లేచేలోపు దాని బతుకు తెంపడం కన్నా మంచి మందు లేదు. రుద్దడం అనే మాట మాత్రం గట్టిగా చెప్పాలి, నీళ్లు పారబోస్తే గుడ్లు గోడకే ఉంటాయి. పొగ మిషన్ ఎగిరే దోమను ఆ పూటకు చంపుతుంది, కాగు జోలికి పోదు. అయినా ఊళ్లో జనం అడిగేది పొగనే, నాయకులు పంపేదీ పొగనే, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి. గురువారం సాయంత్రం నీళ్లొచ్చిన వీధిలో శుక్రవారం తొట్టి ఖాళీ చేయమంటే ఏ తల్లి చేస్తుంది? మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో ఆ నీళ్లు బంగారం. ఆశా అమ్మాయికి ఈ సంగతి తెలుసు, ఆమె ఇంట్లోనూ అదే తొట్టి ఉంది. కానీ డ్రై డే రోజును పైన నిర్ణయిస్తారు, నీళ్లు వదిలే రోజును వేరే శాఖ నిర్ణయిస్తుంది. ఈ రెండు శాఖలూ ఒక బల్ల దగ్గర కూర్చుని, నీళ్లొచ్చే రోజు పొద్దునే కడుగుడు పెట్టుకుంటే సగం పని అయిపోతుంది. వీధివారీగా రోజు మారితే మారనివ్వాలి. కడగలేని పెద్ద తొట్టికి బిగుతుగా గుడ్డ కట్టడం, లేదా కొలత ప్రకారం టెమిఫాస్ వేయడం. నారికురుపు రోజుల్లో బావిలో వేసిన మందే ఇదని, లీటరుకు ఒక మిల్లీగ్రాము మోతాదులో తాగే నీళ్లకు కూడా అనుమతించిందేనని ఇంటింటికీ ఓపికగా చెప్పాలి. చెప్పకుండా పోసిపోతే వాసన చూసి ఆ నీళ్లు పారబోస్తారు. అది వాళ్ల మూర్ఖత్వం కాదు, చెప్పనివాళ్ల లోపం.

వలసను కూడా ఇందులో కలిపి చూడాలి. పంట పోయిన ఏడు కంబదూరు పల్లెల నుంచి బెంగళూరు కట్టడాల మీదికి జనం పోతారు. కట్టడాల కోసం నిలవేసిన నీళ్లు స్టీఫెన్సీకి ఇష్టమైన చోటు. పండక్కి ఇంటికొచ్చిన కూలీ జ్వరాన్ని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా కళ్యాణదుర్గంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రిలోనైనా, ఎక్కడి నుంచి వచ్చావు అన్న మొదటి ప్రశ్నతో చూస్తేనే మలేరియా దొరుకుతుంది. సరిహద్దులో పాస్‌పోర్టు రాసిచ్చిన కాలంలో ఆ ప్రశ్నలో అనుమానం ఉండేది. ఇప్పుడు దాన్ని ఆదరంగా అడగాలి.

నీళ్ల దారి ఇప్పుడు మళ్లీ మారబోతోంది. హంద్రీనీవా ద్వారా కృష్ణ నీళ్లు 2012లో జీడిపల్లి జలాశయానికి చేరాయి. అక్కడి నుంచి పేరూరు డ్యాం దాకా తేవాలని కంబదూరు రైతులు ఎదురుచూస్తున్నారు. వాళ్ల ఎదురుచూపు న్యాయమైనది, ఆ నీళ్లు రావాలి. వచ్చినప్పుడు కాలువ గట్ల కింద ఊటలుంటాయి, తేట మడుగులుంటాయి, క్యులిసిఫేసిస్ ఉంటుంది. మండ్యలో 1930లలో జరిగింది ఇదే. గట్టు ఊట కారకుండా కట్టడం, కాలువకు వారానికొక ఎండు రోజు పెట్టడం, జ్వరం పరీక్షకు మనిషిని ముందే నియమించడం ఇంజనీర్ల అంచనా పత్రంలోనే ఉండాలి. కాలువ తవ్వకానికి టెండరు పిలిచేటప్పుడే జిల్లా మలేరియా అధికారిని పిలిచి కూర్చోబెట్టాలి.

(వచ్చే సంచికలో: 1957లో షిమోగా అడవుల్లో కోతులు రాలిపోయిన ఏడు, పిడుదుల జ్వరం)